చిల్లుపడ్డ పడవలో మొదటి నిమిషాలు

అధ్యక్షులకూ, సభలో ఉన్న పడవ యజమానులకూ, సిబ్బందికీ, కొత్తగా నీటిమీదికి వెళ్తున్న యువతీయువకులకూ నమస్కారం.

పడవ అడుగున చిల్లు పడిందని తెలిసిన క్షణం నుంచి లోపలి నీరు బ్యాటరీలను తాకే వరకు ఉండే కొద్ది వ్యవధిలో, పడవలో ఉన్నవారు చేతికి అందిన వస్తువులతో ఏం చేయగలరన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం. ఒడ్డుకు చేరాక జరిగే మరమ్మతు గురించి నేను మాట్లాడబోవడం లేదు. దానికి తీరిక ఉంటుంది, పొడి నేల ఉంటుంది, తెలిసిన పనివాళ్లు ఉంటారు. నీటిమీద ఉండగా చేయవలసింది వేరు. చిల్లును పూర్తిగా మూసెయ్యాలన్న పట్టుదలతో చాలామంది విలువైన నిమిషాలు పోగొట్టుకుంటారు. పూర్తిగా మూయనక్కరలేదు. లోపలికి వచ్చే నీరు మనం బయటికి తోడిపోయగలిగిన నీటికంటే తక్కువైతే చాలు, పడవ మునగదు. నేను చెప్పబోయే ప్రతి పద్ధతినీ ఈ ఒక్క కొలతతోనే బేరీజు వేయమని కోరుతున్నాను.

ముందుగా నీటి లెక్క చూద్దాం. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కన్నం పడితే నిమిషానికి సుమారు 240 లీటర్ల నీరు లోపలికి దూకుతుంది. అంటే పది లీటర్ల బకెట్‌తో నిమిషానికి ఇరవై నాలుగు బకెట్లు తోడాలి. అది ఏ మనిషి వల్లా అయ్యే పని కాదు. అదే లోతులో కన్నం వ్యాసం సగమైతే, అంటే రెండున్నర సెంటీమీటర్లయితే, వచ్చే నీరు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది: నిమిషానికి 60 లీటర్లు. ఇద్దరు మనుషులు వంతులవారీగా కొంతసేపు తోడగలిగిన నీరది. లోతు ప్రభావం మాత్రం ఇంత తీవ్రంగా ఉండదు. లోతు నాలుగు రెట్లయితే ప్రవాహం రెండు రెట్లే అవుతుంది. కాబట్టి చిల్లు ఎంత లోతున ఉందన్న దానికంటే దాని వైశాల్యం ఎంత మిగిలిందన్నదే మనకు ముఖ్యం. ఒక తువ్వాలు కుక్కి ఆ కన్నంలో పది వంతుల్లో తొమ్మిది వంతులు మూయగలిగితే 240 లీటర్లు 24 అవుతాయి, ఒక మోస్తరు పంపు దాన్ని తేలిగ్గా తోడేస్తుంది.

పంపుల విషయంలోనూ భ్రమలు ఉండకూడదు. గంటకు ఏడున్నర వేల లీటర్లు అని డబ్బా మీద రాసి ఉన్న బిల్జ్ పంపు, అంటే పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు, నిమిషానికి 125 లీటర్లు తోడుతుందని మనం లెక్క వేసుకుంటాం. కానీ ఆ అంకె నీటిని పైకి ఎత్తే పని లేకుండా, గొట్టంలో వంపులు లేకుండా, పూర్తి విద్యుత్తుతో కొలిచినది. పడవలో అమర్చాక, ఎత్తూ వంపులూ నీరసించిన బ్యాటరీ కలిసి ఆ శక్తిని సగానికి దించేయవచ్చు. పైగా పడవ అడుగున తేలే చెత్త, తడిసిన కాగితాలు, గుడ్డపేలికలు పంపు నోటికి అడ్డం పడతాయి. అందుకే పంపు నడుస్తున్నంతసేపూ దాని నోటిని చేత్తో తడిమి చూసే పని ఒకరికి అప్పగించాలి.

చిల్లు వెతకడం మొదలుపెట్టే ముందే జరగవలసిన పనులు రెండున్నాయి. ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి. రేడియోలో కబురు వెళ్లిపోవాలి. పడవల్లో వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోలో, ఆపద పిలుపులకు కేటాయించిన 16వ చానెల్‌లో పడవ పేరు, ఉన్న చోటు, మనుషుల సంఖ్య, నీరు వస్తున్న సంగతి చెప్పాలి. మునిగిపోయే ప్రమాదం ఎదురుగా ఉంటే మేడే పిలుపు, నీరు అదుపులో ఉన్నా సాయం కావలసివచ్చేలా ఉంటే పాన్ పాన్ పిలుపు. కొంచెం చూసి చెబుదాం అనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే చాలా పడవల్లో బ్యాటరీలు అడుగునే ఉంటాయి. నీరు వాటిని ముంచాక రేడియోతోపాటు విద్యుత్ పంపులూ ఆగిపోతాయి. చిల్లు అదుపులోకి వస్తే పిలుపును వెనక్కి తీసుకోవచ్చు. దానికి ఎవరూ తప్పుపట్టరు.

ఇక వెతకడం. నా ఉద్దేశంలో పడవలు మునగడానికి చిల్లు పెద్దది కావడం కంటే అది సమయానికి దొరకకపోవడమే ఎక్కువగా కారణమవుతుంది. నీరు అడుగున చేరి ఒక చివర నిలుస్తుంది కనుక నీరు కనిపించిన చోటే చిల్లు ఉంటుందనుకోవడం పొరపాటు. మట్టం పెరిగి చిల్లు నీటిలో మునిగిపోయిందంటే, ధార కనిపించదు, చప్పుడూ వినిపించదు; అప్పుడు చేత్తో తడుముతూ, చల్లటి ఒరవడి వేళ్లకు తగిలే చోటును పట్టుకోవాలి. సముద్రంలో ఉంటే వేలు ముంచి రుచి చూడటం తేలికైన పరీక్ష. నీరు ఉప్పగా లేకపోతే చిల్లు అడుగున కాదు, మంచినీటి ట్యాంకులోనో దాని గొట్టంలోనో ఉన్నట్టు. దేనికైనా తగిలిన చప్పుడు విన్నాక నీరు వస్తే ఆ తగిలిన వైపు మొదట వెతకాలి. ఏ చప్పుడూ లేకుండా నీరు వస్తే మాత్రం, తయారీదారు తానే పెట్టిన కన్నాల దగ్గరికి వెళ్లాలి: ఇంజను చల్లబరిచే నీటి గొట్టం, మరుగుదొడ్డి గొట్టాలు, వాష్‌బేసిన్ గొట్టం, ప్రొపెల్లర్ ఇరుసు బయటికి వెళ్లే చోటు, చుక్కాని ఇరుసు దిగే చోటు.

ఈ కన్నాల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే రాళ్లూ దుంగలూ చేసే గాయాలకంటే తెగిన గొట్టాలూ తుప్పుపట్టిన వాల్వులూ నిశ్శబ్దంగా ఎక్కువ ముప్పు తెస్తాయి. గొట్టం తెగితే మందు సులువు, వాల్వు మూసేయడమే. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు ఆ క్షణంలో తిరగదు. బలం పెడితే దాని పిడి చేతిలోకి ఊడివస్తుంది, ఒక్కోసారి వాల్వే విరిగిపోతుంది. అందుకే ప్రతి వాల్వుకూ, ఆ కన్నానికి సరిపోయే మెత్తని కర్రతో చేసిన శంకువులాంటి బిరడాను తాడుతో కట్టి పక్కనే వేలాడదీయడం పాత ఆచారం, ఈనాటికీ దానికి మించినది లేదు. మెత్తని కర్రే ఎందుకంటే, పొడిగా ఉన్న బిరడాను సుత్తితో కొట్టి దిగ్గొట్టాక అది నీరు పీల్చి ఉబ్బి కన్నాన్ని పట్టేస్తుంది. గట్టి కర్ర కన్నం ఆకారానికి అంతగా ఒదగదు. గొట్టం మధ్యలో చీలితే సైకిల్ ట్యూబు ముక్కను బిగించి లాగుతూ చుట్టి, రెండు చివరలా గట్టి దారంతో కడితే చాలాసేపు నిలుస్తుంది. ప్రొపెల్లర్ ఇరుసు ఊడి బయటికి జారిపోతే మిగిలే కన్నం బాగా పెద్దది కనుక దాని కొలతకు తగిన బిరడా ముందే చేయించి ఉంచుకోవాలి.

ఏదైనా తగిలి పడిన చిల్లు దొరికిందనుకుందాం. మొదటి ఆయుధం మనిషి చెయ్యి. ఇది ఉపమానం కాదు, లెక్క. 60 సెంటీమీటర్ల లోతున 5 సెంటీమీటర్ల కన్నాన్ని లోపలివైపు నుంచి అరచేత్తో మూసి ఉంచడానికి కావలసిన బలం కిలోకు కొంచెం ఎక్కువ మాత్రమే. నిమిషానికి 240 లీటర్లు దూకే ఆ ధారను చూసి భయపడి వెనక్కి తగ్గే మనిషే, ధైర్యంగా ఒక తువ్వాలును ఉండలా చుట్టి నొక్కితే దాన్ని దాదాపుగా ఆపేయగలడు. మిగిలినవాళ్లు పలకా సుత్తీ వెతికి తెచ్చే వరకు ఆ చెయ్యి అక్కడే ఉండాలి. అయితే విరిగిన ఫైబర్‌గ్లాస్ అంచులు, చిరిగిన లోహపు అంచులు కత్తుల్లా కోస్తాయి. చేతికి మందపాటి తొడుగు, అది లేకపోతే నాలుగు మడతల గుడ్డ ఉండాలి.

ఒకరు చిల్లు దగ్గర ఉండగా చుక్కాని దగ్గరున్నవారు చేయగల సాయం చాలా ఉంది. ముందుభాగాన దెబ్బ తగిలి ఉంటే వేగం నీటిని లోపలికి తోస్తుంది కనుక పడవను వెంటనే నెమ్మదింపజేయాలి. చిల్లు పక్కకు, నీటిమట్టానికి దగ్గరగా ఉంటే పడవను రెండోవైపుకు వంచడం ద్వారా దాన్ని నీటిపైకి తేవచ్చు. తెరచాప పడవైతే గాలి చిల్లు ఉన్న వైపు నుంచి తగిలేలా తిరగాలి, మోటారు పడవైతే మనుషులను, లంగరు గొలుసును, ఇంధనపు డబ్బాలను ఎదుటి వైపుకు మార్చాలి. కానీ లోపల నీరు బాగా చేరి ఉంటే వంచడంలో జాగ్రత్త అవసరం. లోపలి నీరు ఒక్కసారిగా ఒక పక్కకు పారితే పడవ తిరిగి లేవలేనంతగా ఒరిగిపోవచ్చు. అప్పుడు వంచడంకంటే తోడటమే మేలు.

చేతి తర్వాత వచ్చేది బిరడా. గుండ్రటి కన్నానికి బిరడా సరిపోతుంది. ప్రమాదాల్లో పడే చిల్లులు మాత్రం గుండ్రంగా ఉండటం అరుదు. అవి చీలికలు, నక్షత్రాల్లా పగిలిన పగుళ్లు, ఊడిన అతుకులు. 1912లో టైటానిక్ ప్రమాదంపై బ్రిటన్‌లో జరిగిన విచారణలో, ఆ ఓడను కట్టిన సంస్థ ఇంజనీరు ఎడ్వర్డ్ వైల్డింగ్ నీరు చేరిన వేగాన్ని బట్టి లెక్క కట్టి, మంచు కొండ చేసిన రంధ్రాల మొత్తం వైశాల్యం సుమారు 12 చదరపు అడుగులేనని చెప్పాడు. కొన్ని వందల అడుగుల పొడవున పరుచుకున్న ఆ గాయం సగటు వెడల్పు వేలెడంత కూడా ఉండదన్నమాట. చిన్న పడవల్లోనూ సన్నటి పొడవాటి చీలిక ఇలాగే కంటిని మోసం చేస్తుంది. అలాంటి చీలికలో గుండ్రటి బిరడాను బలంగా కొడితే, ముఖ్యంగా పలుచటి ఫైబర్‌గ్లాస్‌లో, పగులు మరింత సాగుతుంది. దానికి బదులు గుడ్డ చుట్టిన సన్నటి చెక్క చీలలను వరసగా పెట్టి, సుత్తితో మెల్లగా తట్టుతూ దించాలి. వాటి మధ్య మిగిలే సందుల్లో గుడ్డపేలికలో గ్రీజు పట్టించిన పీచో కూరాలి. ఎక్కడ సుత్తి దెబ్బకు గోడ కదులుతున్నట్టు తోస్తుందో అక్కడ కొట్టడం మానేయాలి.

చిల్లు అరచేతికంటే పెద్దదైతే అతుకు వేయక తప్పదు, ఇక్కడ మరో లెక్క మొదలవుతుంది. మీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద నీరు సుమారు 100 గ్రాముల బరువుతో తోస్తుంది. చిన్న కన్నంలో బిరడా మీద ఇది లెక్కలోకి రాదు. కానీ 30 సెంటీమీటర్ల చదరపు పలకను లోపలి నుంచి పెట్టి, నీరు దాని కింద అంతటా పాకితే, మీటరు లోతున ఆ పలకను 90 కిలోల బలం లోపలికి నెడుతుంది. ఏ మనిషీ చేత్తో దాన్ని పట్టి ఉంచలేడు. అందుకే లోపలి అతుకుకు పోటు, అంటే ఊతకర్ర, పెట్టాలి. పనితీరు ఇది: చిల్లు మీద ముందుగా మెత్తటి పొర, నీరు చొరని నురుగు చాప అయితే శ్రేష్ఠం, పడక మీది ఫోమ్ అయితే దాన్ని ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి పెట్టాలి, ఎందుకంటే మామూలు ఫోమ్ గుండా నీరు వచ్చేస్తుంది. దాని మీద ప్లైవుడ్ పలక, లేదా నేల పలక, లేదా అల్మారా తలుపు. ఆ పలక మీద నుంచి ఎదురుగా ఉన్న గట్టి దూలానికి ఒక తెడ్డునో కొక్కెం గడనో అడ్డంగా నిలిపి, దాని చివర రెండు చీలలను ఎదురెదురుగా దోపి బిగించాలి. పోటు రెండో చివర పలుచటి తలుపుకో పైకప్పు అలంకరణ పలకకో ఆనితే అది విరిగిపోతుంది. అక్కడ కూడా ఒక వెడల్పాటి పలక వేసి బలాన్ని పంచాలి. చిరిగిన అంచులు లోపలికి పొడుచుకుని వచ్చి పలక ఆననీయకపోతే, వాటిని కొట్టి సరిచేయబోవడంకంటే, ఒకవైపు తెరిచి ఉన్న డబ్బాలాంటి పెట్టెను బోర్లించి, దాని అంచు చుట్టూ రబ్బరు పెట్టి అదే విధంగా పోటు పెట్టడం మంచిది.

బయటి నుంచి వేసే అతుకు గుణం దీనికి పూర్తిగా విరుద్ధం. లోపలి అతుకును ఊడబెరికే నీటి బలమే బయటి అతుకును గోడకు అదిమి పెడుతుంది. ఈ సంగతి పాత నావికులకు బాగా తెలుసు. 1770 జూన్ 11 రాత్రి కెప్టెన్ జేమ్స్ కుక్ నడిపిన ఎండీవర్ నౌక ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని పగడపు దిబ్బ మీద చిక్కుకుంది. ఫిరంగులూ బరువులూ సముద్రంలో పారేసి, మరుసటి రాత్రి పోటు నీటిలో ఓడను తేల్చారు. పంపుల దగ్గర అందరూ వంతులవారీగా పనిచేస్తున్నారు. అప్పుడు జొనాథన్ మంక్‌హౌస్ అనే యువ నావికుడు, అంతకుముందు వేరే ఓడలో తాను చూసిన పద్ధతిని చెప్పాడు. ఒక పాత తెరచాపను పరిచి, మోకుల పీచునూ ఉన్నినీ సన్నగా తరిగి కలిపి, గుప్పెడు గుప్పెడుగా దాని మీద అతికించి, పైన గొర్రెల పేడ చల్లారు. ఆ చాపను తాళ్లతో ఓడ అడుగుకు దించి, చిల్లు ఉందనుకున్న చోటికి లాగారు. నీటి ఒరవడి ఆ పీచును ఊడదీసి చిల్లులోకి లాక్కుపోయింది, వెనకే చాప అతుక్కుంది. అప్పటిదాకా మూడు పంపులు కష్టపడి తోడిన నీటిని ఆ తర్వాత ఒక్క పంపే తోడింది. చాప నీటిని పూర్తిగా ఆపలేదన్నది గమనించండి. పంపు మిగతా పని చేసింది. తరువాత నది ఒడ్డున ఓడను ఒరిగించి చూసినప్పుడు, ఒక పెద్ద పగడపు ముక్క విరిగి ఆ చిల్లులోనే ఇరుక్కుని ఉండటం కనిపించింది.

ఈ ఉపాయాన్ని సిద్ధంగా ఉండే పరికరంగా మార్చిన ఘనత రష్యా నౌకాదళ అధికారి స్తెపాన్ మకరోవ్‌ది. 1869లో ఆయన పనిచేస్తున్న రుసాల్కా నౌక చిన్న రంధ్రానికే మునిగేంత ప్రమాదంలో పడింది. దాన్ని చూశాక, ముందే కుట్టి తాళ్లు కట్టి ఉంచిన చాపను ప్రతి ఓడలోనూ ఉంచాలని ఆయన వాదించాడు. ఆ వాదనలోని ప్రాణం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది: నీరు వస్తున్నప్పుడు కుట్టుకుంటూ కూర్చోలేము. ఈనాటి పడవల్లో నాలుగు మూలలా కంతలున్న గట్టి టార్పాలిన్, నాలుగు పొడవాటి తాళ్లతో సహా, ఆ పని చేస్తుంది. ముందుభాగం నుంచి వేసి వెనక్కి లాగడం సులువు. అయితే కీల్ (పడవ అడుగున పొడవునా ఉండే వెన్నుదూలం), చుక్కాని, ప్రొపెల్లర్ దానికి అడ్డం పడతాయి. ఇంజను నడుస్తుండగా తాడు నీటిలో వేలాడితే ప్రొపెల్లర్‌కు చుట్టుకుని ఉన్న ఒక్క ఇంజనూ పోతుంది. కెరటాలు ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరినీ నీటిలోకి దించి అతుకు వేయించకూడదు. ఊగే పడవ అడుగు తలకు తగిలితే మనిషి స్పృహ తప్పుతాడు.

ఎపాక్సీ లప్పం గురించి చాలామంది అడుగుతారు. రెండు భాగాలను కలిపి పిసికితే నీటి అడుగున కూడా గట్టిపడే రకాలున్నాయి, మంచివే. వాటి హద్దు తెలుసుకుని వాడాలి. ఉరికే ధారలో పెడితే లప్పం కొట్టుకుపోతుంది; ముందు బిరడాతోనో గుడ్డతోనో ధారను చంపి, చుట్టూ మిగిలిన కారుడును దానితో మూయాలి. చల్లటి నీటిలో అది గట్టిపడటానికి బాగా ఆలస్యమవుతుంది. పిసికేటప్పుడు చేతులు తడిపి, రంగు చారలు లేకుండా ఒకే రంగుకు వచ్చే వరకు కలపాలి. నాచో నూనో ఉన్న గోడకు అది పట్టదు కనుక ముందు గరుకు బ్రష్షుతో రుద్దాలి. పెట్టాక కదపకుండా కొన్ని నిమిషాలు అరచేత్తో అదిమి ఉంచాలి.

చెక్క పడవలో పలకల సందుల నుంచి నీరు చెమర్చే రకం కారుడుకు వేరే చికిత్స ఉంది. పడవను ఆపి, రంపపు పొట్టు నింపిన డబ్బాను గడ చివర కట్టి, అడుగున ఆ సందుల కిందికి తీసుకెళ్లి కుదిపితే, పొట్టు పైకి తేలుతూ నీటితోపాటు సందుల్లోకి లాగబడి ఉబ్బుతుంది. పడవ కదలగానే కొంత పోతుంది, అయినా గంటల తరబడి తోడే శ్రమను తగ్గిస్తుంది. పెద్ద ఉక్కు ఓడల్లో చిల్లు మీద పెట్టె కట్టి, నీరు పోయేందుకు ఒక గొట్టం వదిలి, త్వరగా గట్టిపడే సిమెంటు పోసి, అది గట్టిపడ్డాక గొట్టానికి బిరడా కొడతారు. చిన్న పడవలకు ఆ పద్ధతి అంతగా నప్పదు.

ఇంజను చల్లబరిచే గొట్టాన్ని విప్పి, దాని మూతిని లోపలి నీటిలో పెట్టి ఇంజనుతోనే తోడించే ఉపాయం బాగా ప్రచారంలో ఉంది. బయటి వాల్వు మూశాకే గొట్టం విప్పాలి, మూతికి జల్లెడ కట్టాలి, మూతి దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. చిన్న ఇంజను లాగే నీరు మనం ఊహించేంత ఎక్కువ కాదు. చెత్త చేరినా, నీరు అయిపోయినా పంపులోని రబ్బరు రెక్కలు నిమిషాల్లో కాలిపోతాయి. ఇద్దరు ముగ్గురే ఉన్న పడవలో ఆ మనిషిని బకెట్ దగ్గర ఉంచడమే నాకు సబబుగా కనిపిస్తుంది.

ఇప్పటివరకు చెప్పినదంతా చిల్లు దగ్గరికి చెయ్యి చేరినప్పుడే పనికొస్తుంది. ఈనాటి పడవల్లో అసలు అడ్డంకి అక్కడే ఉంది. హల్‌కు, అంటే పడవ బయటి గోడకు, లోపల మరో పొర అచ్చుపోసి, దాని మీద అల్మారాలు, పడకలు, ట్యాంకులు బిగిస్తున్నారు. నీరు ఆ రెండు పొరల మధ్య పారుతుంది. చిల్లు ఎక్కడో ఉంటుంది, నీరు మరెక్కడో బయటపడుతుంది. కాబట్టి మీ పడవలో తీరిగ్గా ఉన్న రోజున టార్చి పట్టుకుని ప్రతి నేల పలకనూ ఎత్తి చూడండి. హల్ గోడను చేత్తో తాకగలిగిన చోట్లూ తాకలేని చోట్లూ ఒక కాగితం మీద గీసుకోండి. తాకలేని చోటికి ఏ పలక విరగ్గొడితే దారి దొరుకుతుందో ముందే నిర్ణయించుకోండి. దాని కోసం ఒక చిన్న గొడ్డలి, ఒక చిన్న గడ్డపార, నేల పలకల స్క్రూలకు సరిపోయే స్క్రూడ్రైవర్ పైన, మెట్ల పక్కన ఉండాలి. అత్యవసర సంచీ అడుగున నిల్వ అరలో ఉంటే, అవసరమైన రోజున ఆ అరే మొదట మునుగుతుంది.

చిల్లు అదుపులోకి వచ్చాక కూడా పని సగమే అయినట్టు. ఇంజను కంపనకు చీలలు వదులవుతాయి, ఉబ్బిన కర్రల వల్ల పోట్ల బిగువు మారుతుంది, మెత్తటి పొరలు నలిగి పలుచబడతాయి. అతుకు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, పది నిమిషాలకోసారి చూడాలి. గీత మునిగితే వేగం తగ్గించాలి, చీలలు మళ్లీ తట్టాలి. వేరే పడవ మనల్ని లాక్కెళ్తున్నప్పుడు దాని నాయకుడికి అతుకు ఏ వైపున ఉందో, ఎంత వేగం దాటకూడదో ముందే చెప్పాలి. రేవు చేరాక పడవను క్రేన్‌తో ఎత్తే ముందు లోపలి నీరంతా తోడేయాలి, లేకపోతే దెబ్బతిన్న అడుగు ఆ బరువుకు ఆగదు. ఎత్తే బెల్టులు అతుకు మీదికి రాకుండా చూసుకోవాలి, పడవ దిమ్మెల మీద కుదురుకునే వరకు లోపలి పోటును ఎవరూ తీయకూడదు.